స్మార్ట్‌ఫోన్ లేకుండా బతకడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది తెనాలి. ఒక ధాన్యం మిల్లులో లెక్కలు రాస్తాను. 2021 చివర్లో టచ్ ఫోన్ మా మేనల్లుడికి ఇచ్చేసి బటన్లుండే చిన్న ఫోన్‌కి మారాను. అప్పట్నుంచి చుట్టాలు, తోటి ఉద్యోగులు, బ్యాంకులో నా వెనక లైన్లో నిలబడ్డవాళ్ళు తిప్పితిప్పి ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. తామూ మారదామని అడిగేవాళ్ళు కొందరే. "మా నాన్నగారికి టచ్ ఫోన్ చేతకావట్లేదు, ఆయన పనులు ఎలా జరగాలి?" అని అడిగేవాళ్ళు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. ఈ జవాబులు ముఖ్యంగా వాళ్ళ కోసం రాశాను.

అసలు ఎందుకు వదిలేశారు?

మా నాన్న చివరి రోజుల్లో మంచం పక్కనే కూర్చునేవాణ్ణి, చేతిలో ఫోన్ ఉండేది. కరోనా లెక్కలు, వార్తలు, ఎవరో పంపిన వీడియోలు. ఒక సాయంత్రం ఆయన చిన్నప్పటి కాలవ గట్టు గురించి, వాళ్ళ నాన్న గురించి ఏదో చెప్పాడు. "ఊఁ" కొట్టాను. ఆరోజు ఫోన్లో ఏం చూశానో గుర్తుంది. ఆయన ఏం చెప్పాడో గుర్తు లేదు. ఆయన పోయాక ఆ ఫోన్ జేబులో పెట్టుకోబుద్ధి కాలేదు.

మీ కారణం ఇంకోటి కావచ్చు. కళ్ళు, నిద్ర, ఖర్చు, మోసాల భయం, లేదా ఊరికే వద్దనిపించడం. ఏదైనా సరే, వద్దనుకున్నందుకు ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

అంటే మీరు టెక్నాలజీకి వ్యతిరేకమా? మరి ఇది కంప్యూటర్లో టైపు చేశారుగా?

వ్యతిరేకం కాదు. మిల్లులో రోజంతా కంప్యూటర్ మీదే పని. ఏటీఎం వాడతాను. అమ్మకి బీపీ చూసేది కూడా డిజిటల్ మిషనే. అమెరికాలో ఆమిష్ అనే క్రైస్తవ సమాజం ఉంది. వాళ్ళు యంత్రాలన్నిటినీ కాదంటారని చాలామంది అనుకుంటారు. నిజానికి కొత్త వస్తువు వచ్చినప్పుడల్లా అది తమ కుటుంబాలకీ ఇరుగుపొరుగుకీ ఏం చేస్తుందో చూసి, వాడాలో వద్దో సమాజమంతా కలిసి తేల్చుకుంటారు. అందుకే వాళ్ళలో చాలాచోట్ల టెలిఫోన్ ఇంట్లో ఉండదు, పొలం గట్టునో దారి పక్కనో చిన్న గదిలో ఉంటుంది. అవసరమైనవాళ్ళు అక్కడికి నడిచి వెళ్ళి మాట్లాడతారు. ఆ పద్ధతి నాకు నచ్చింది. నాకూ ఇంటర్నెట్ ఒక బల్ల మీద ఉంటుంది. అవసరమైతే వెళ్ళి కూర్చుంటాను, లేచి వచ్చేస్తాను.

నా గొడవల్లా ఒక్కటే: స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్ళకి ఎన్ని సౌకర్యాలైనా పెట్టండి, లేనివాళ్ళ దారి మాత్రం మూసేయకండి.

ఫోన్‌పే, గూగుల్‌పే లేకుండా డబ్బులు ఎలా ఇస్తారు?

ఎక్కువగా నోట్లే. యూపీఐ వచ్చింది 2016లో, అంటే దానికి నిండా పదేళ్ళ వయసు. అంతకుముందు మనమంతా బతికింది నోట్లతోనే. ఇబ్బంది చిల్లరతోనే వస్తోంది. ఇదివరకు కూరగాయలావిడ గల్లాలో పదులు, ఇరవైలు నిండా ఉండేవి. ఇప్పుడు అందరూ స్కాన్ చేసి పోతున్నారు, సౌండ్ బాక్స్ మోగుతోంది, గల్లా ఖాళీ. రెండొందల నోటు ఇస్తే పాపం ఆవిడ పక్క బండి దగ్గరికి పరుగెత్తాలి. అందుకని నెల మొదట్లోనే బ్యాంకులో అడిగి పది, ఇరవై, యాభై నోట్ల కట్టలు తెచ్చుకుంటాను. అడిగితే ఇస్తారు, కాకపోతే పదో తారీఖులోపు వెళ్ళాలి.

పది రూపాయల బిళ్ళ "చెల్లదు" అనే మాట మన వైపు ఇప్పటికీ వింటుంటాం. చెల్లుతుంది. పద్నాలుగు రకాల డిజైన్లలో వచ్చాయి, అన్నీ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పింది.

నోట్లు కుదరని చోట చిన్న ఫోన్‌తోనే యూపీఐ చేయొచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. బ్యాంకులో ఇచ్చిన నంబరున్న సిమ్ వేసిన ఫోన్లో *99# కొట్టి కాల్ బటన్ నొక్కాలి. ఇంటర్నెట్ అక్కర్లేదు. తెలుగు కూడా ఉంది. మొదటిసారి బ్యాంకు ఎంచుకుని, ఏటీఎం కార్డు చివరి ఆరు అంకెలు, కార్డు గడువు తేదీ కొడితే పిన్ పెట్టుకోమంటుంది. తర్వాత నుంచి అంకెల పట్టీ వస్తుంది. పంపడానికి 1, నిల్వ చూసుకోడానికి 3, ఇలా. అవతలివాళ్ళ ఫోన్ నంబరు కొట్టాలి, పేరు తెర మీద కనపడుతుంది, ఎంత అని కొట్టాలి, చివర్లో పిన్. ఒక విడతకి ఐదు వేలు దాటకూడదు. మధ్యలో ఆలోచిస్తూ నిలబడితే తెర మాయమైపోతుంది, మళ్ళీ మొదట్నుంచి చేయాలి. మా వీధి మందుల షాపులో మొదటిసారి ప్రయత్నించినప్పుడు నాలుగోసారికి పడింది. ఇప్పుడు నిమిషంలో అయిపోతుంది. షాపతను ముందు విసుక్కున్నాడు. తర్వాత వాళ్ళ నాన్నకి నేర్పమని ఆయన్ని నా దగ్గరికి పంపాడు.

ఇంకో దారి యూపీఐ 123పే. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు చిన్న ఫోన్ల కోసమే తెచ్చింది. ఫోన్ చేసి, అవతల గొంతు చెప్పినట్టు అంకెలు నొక్కుతూ పోవాలి. చదవడం కష్టమైనవాళ్ళకి ఇదే మేలు.

షాపువాళ్ళు "నోట్లు తీసుకోం" అంటే?

రిజర్వు బ్యాంకు చట్టం 26వ సెక్షన్ ప్రకారం నోటు దేశమంతటా చెల్లుబాటవుతుంది. కానీ కొనకముందే "క్యాష్ తీసుకోం" అనే దుకాణాన్ని ఆపేంత స్పష్టమైన చట్టం మనకి లేదు. నార్వేలో ఉంది. అక్కడ జనం నోట్లు వాడటం దాదాపు మానేశారు. అయినా దుకాణానికి వచ్చిన మనిషికి నోట్లతో కొనుక్కునే హక్కును 2024 అక్టోబర్ 1 నుంచి చట్టంలో గట్టిపరిచారు. మనకీ అలాంటిది ఒకటి కావాలని నా కోరిక. ప్రస్తుతానికి నేను ఆ షాపు మానేసి పక్క షాపుకి వెళ్తాను, ఎందుకు వెళ్తున్నానో యజమానికి మర్యాదగా చెప్పి మరీ.

బ్యాంకు పనులు?

పాస్‌బుక్, విత్‌డ్రాయల్ ఫారం, చెక్కు. మూడూ బతికే ఉన్నాయి. ఓటీపీ ఎస్ఎంఎస్‌గా వస్తుంది కాబట్టి చిన్న ఫోన్ చాలు.

ఒక బ్రాంచిలో నన్ను "యాప్ వేసుకోనిదే కొత్త కార్డు రాదు" అన్నారు. ఇంకో కౌంటర్లో "మీ పిల్లల్నెవర్నైనా తీసుకురండి" అన్నారు, అప్పుడు నా వయసు యాభై రెండు. పిల్లల్ని తీసుకురమ్మన్న మాట ఇంటికొచ్చాక కూడా చాలాసేపు గుచ్చుకుంది. ముప్పై ఏళ్ళుగా లక్షల రూపాయల లెక్కలు రాస్తున్నాను నేను. కానీ రూపాయి లెక్క రాని ముసలావిడనైనా ఆ మాట అనకూడదు.

రిజర్వు బ్యాంకు 2025 నవంబర్‌లో ఇచ్చిన ఆదేశాల్లో ఈ సంగతి ఉంది: డెబిట్ కార్డులాంటి వేరే సదుపాయం కావాలంటే ముందు డిజిటల్ బ్యాంకింగ్ తీసుకోవాల్సిందే అని ఖాతాదారుణ్ణి బలవంతపెట్టకూడదు. 2026 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఇలాంటి మాట ఎదురైతే "రాసివ్వండి" అని అడగండి. నేను అడిగాక కార్డు వచ్చింది. డెబ్బై దాటిన పెద్దవాళ్ళకి, వికలాంగులకి ఇంటి దగ్గరే సేవలు అందించాలని 2017 నవంబర్‌లోనే చెప్పారు. ఎవరూ అడగట్లేదు కాబట్టి ఎవరూ చెప్పట్లేదు. మీరు అడగండి.

స్పెయిన్‌లో వలెన్సియాకి చెందిన కార్లోస్ సాన్ హువాన్ అనే రిటైర్డ్ డాక్టరు 2022లో ఇదే బాధతో లేచాడు. డెబ్బై ఎనిమిదేళ్ళు, పార్కిన్సన్ వ్యాధి, ఏటీఎం మీటలు నొక్కడానికి చేతులు సహకరించవు. "నేను ముసలివాణ్ణి, తెలివితక్కువవాణ్ణి కాదు" అని సంతకాలు పెట్టించడం మొదలుపెడితే ఆరు లక్షలకి పైగా వచ్చాయి. బ్యాంకులు దిగొచ్చి కౌంటర్ల సమయం పెంచుతామని ప్రభుత్వం ముందు ఒప్పుకున్నాయి.

ఆధార్, వేలిముద్రల సంగతి?

ఇది స్మార్ట్‌ఫోన్ వద్దనుకున్నవాడి ప్రశ్న కాదు, అందరి ప్రశ్న. ఇక్కడ తప్పుకోడానికి దారి చాలా ఇరుకు. 2018 సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం బ్యాంకు ఖాతాకి, సిమ్‌కి ఆధార్ తప్పనిసరి అనడానికి లేదు. పాన్‌కి, ప్రభుత్వ రాయితీలకి మాత్రం కావాలి. సామాన్యుడి బతుకంతా ఆ రెండో ముక్కలోనే ఉంది.

మా పిన్నమ్మ ఇరవై ఏళ్ళు గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసింది. ఆ వేళ్ళు చూస్తే తెలుస్తుంది, కొసలు నున్నగా అరిగిపోయి ఉంటాయి. ఒకసారి ఆవిడతో రేషన్ షాపుకి వెళ్ళాను. మిషన్ మీద బొటనవేలు పెట్టింది, పడలేదు. "ఇంకో వేలు పెట్టమ్మా" అన్నాడు డీలరు. చూపుడువేలు పెట్టింది. చీర కొంగుకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది. జుట్టుకున్న నూనె రాసుకుని పెట్టింది. పది వేళ్ళూ అయ్యాయి. వెనక లైన్లోవాళ్ళు ఏమీ అనలేదు, వాళ్ళలో సగంమందికి అదే గతి. పిన్నమ్మ మాత్రం తప్పు చేసినదానిలా తల వంచుకుంది. "నేనే అమ్మా, నేనే" అంటుంది, డీలరుతో కాదు, ఆ మిషన్‌తో. డీలరుకి ఆవిడ ఇరవై ఏళ్ళుగా తెలుసు. ఆయనకి తెలిసినా లాభం లేదు, మిషన్‌కి తెలియాలి. మర్నాడు కంటిపాపతో చూసి బియ్యం ఇచ్చారు.

చేయగలిగినవి చెప్తాను. ఆధార్ కేంద్రానికి వెళ్ళి వేలిముద్రలు, కంటిపాప కొత్తగా ఇప్పించండి. ఫోన్ నంబరు ఆధార్‌కి కలిపించండి, దానికి చిన్న ఫోన్ నంబరు సరిపోతుంది. చాలాచోట్ల వేలిముద్రకి బదులు ఓటీపీ పనికొస్తుంది. పొద్దున చలిలో పొడిబారిన వేళ్ళు పడవు, కాస్త ఎండెక్కాక, చేతులు కడుక్కుని వెళ్తే పడే అవకాశం ఎక్కువ.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకో మంచి తీర్పు ఇచ్చింది. యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివాళ్ళు కెమెరా ముందు కళ్ళార్పమనే కేవైసీ, అంటే మనం ఎవరమో రుజువు చూపించే తంతు, చేయలేకపోతున్నామని కోర్టుకి వెళ్ళారు. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని, కేవైసీ అందరికీ వీలయ్యేలా మార్చమని కోర్టు ఇరవై ఆదేశాలిచ్చింది. మిషన్‌కి తగ్గట్టు మనిషి కాదు, మనిషికి తగ్గట్టు మిషన్ ఉండాలన్న మాటని పిన్నమ్మ వేళ్ళకీ వర్తింపజేయాలని నేనంటాను.

ప్రయాణాలు?

బస్సుకి ఏ ఇబ్బందీ లేదు. కండక్టరుకి డబ్బులిస్తే టికెట్ ఇస్తాడు. ఆడవాళ్ళ ఉచిత ప్రయాణానికైతే ఫోన్ కన్నా చేతిలోని అసలు గుర్తింపు కార్డే నయం. ఫోన్లో ఫొటో చూపిస్తే కుదరదని కండక్టర్లు అంటుండగా చాలాసార్లు విన్నాను. రైలుకి స్టేషన్ కౌంటరుంది. తత్కాల్‌కి మాత్రం ఆధార్ ధ్రువీకరణ వచ్చింది. వెబ్‌సైట్లో, యాప్‌లో 2025 జూలై 1 నుంచి అది తప్పనిసరి. నేనైతే ప్రయాణం ముందే అనుకుని నెల ముందే టికెట్ తీసుకుంటాను.

కారుంటే ఫాస్టాగ్ తప్పదు. 2021 ఫిబ్రవరి నుంచి అది లేకపోతే టోల్ రెట్టింపు. 2025 నవంబర్ 15న యూపీఐతో కడితే ఒకటింపావు రెట్లు చాలన్నారు, నోట్లిస్తే మాత్రం పాత రెట్టింపే ఉంచారు. నోట్లిచ్చేవాడికి జరిమానా అన్నమాట. ఇది నాకు న్యాయంగా అనిపించలేదు.

సర్టిఫికెట్లు, పింఛను, ప్రభుత్వ పనులు?

తెలంగాణలో మీసేవ, మనకి గ్రామ, వార్డు సచివాలయాలు. 2025 జనవరి 30న మన రాష్ట్రంలో వాట్సాప్‌లో సేవలిచ్చే మన మిత్ర మొదలైంది. మా ఆఫీసు కుర్రాళ్ళకి అది చాలా ఉపయోగపడుతోంది, సంతోషం. సచివాలయం కౌంటర్లో మనిషి ఉన్నంతకాలం నాకూ ఏ లోటూ లేదు. పింఛను నెల మొదటి తారీఖున సిబ్బంది ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. ఎవరూ యాప్ తెరవక్కర్లేదు, ఎక్కడికీ పోనక్కర్లేదు. ప్రభుత్వం తలుచుకుంటే మనిషి గుమ్మం దాకా వస్తాడని దీన్నిబట్టే తెలుస్తోంది.

రిటైరైనవాళ్ళు నవంబర్‌లో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌కి కూడా ఫోన్లో ముఖం చూపించడం ఒక్కటే మార్గం కాదు. బ్యాంకుకి వెళ్ళి కాగితం మీద సంతకం పెట్టి రావచ్చు.

వాట్సాప్ లేకపోతే మనుషులకి దూరమైపోరా?

కొంత అయ్యాను. దాచడం ఎందుకు. మా పదో తరగతి బ్యాచ్ గ్రూపు ఉంది. నాతో ఒకే బెంచీలో కూర్చున్న స్నేహితుడి అమ్మగారు పోతే గ్రూపులో పెట్టారట. అందరికీ తెలిసిపోయిందనే అనుకున్నారు. నాకు పదకొండో రోజు, బజార్లో ఎవరో మాటల్లో అంటే తెలిసింది. ఆవిడ చేతి పులిహోర ఎన్నిసార్లు తిన్నానో. వాడింటికి వెళ్తే "రాలేదేంట్రా" అని కూడా అడగలేదు. అడిగుంటే బాగుండేది.

దాని తర్వాత ఒక ఏర్పాటు చేసుకున్నాను. ప్రతి గుంపులోనూ ఒకరిని బతిమాలి ఒప్పించాను. ముఖ్యమైనది ఏదైనా ఉంటే వాళ్ళు నాకు ఫోన్ చేస్తారు. బదులుగా నేను నెలకోసారైనా అందరికీ ఫోన్ చేసి మాట్లాడతాను. పుట్టినరోజుకి పువ్వుల బొమ్మ పంపే బదులు పది నిమిషాలు మాట్లాడతాను. కొందరితో ఇదివరకటికన్నా దగ్గరయ్యాను. పోయినవి పోయాయి, అవి తిరిగి రాలేదు.

పిల్లలు చదివే ఇంట్లో ఇది ఇంకా కష్టం. హోంవర్కులు, ఫీజుల నోటీసులు అన్నీ గ్రూపుల్లోనే. మా ఇంట్లో ఆ ఫోన్ మా ఆవిడ దగ్గరుంటుంది.

అంటే మీ ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉన్నట్టేగా?

ఉంది. అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. స్మార్ట్‌ఫోన్ లేని మనిషి వెనక స్మార్ట్‌ఫోన్ ఉన్న మనిషి ఒకరు దాదాపు ఎప్పుడూ ఉంటారు. గ్యాస్ బుక్ చేయడం, డాక్టరు అపాయింట్‌మెంట్, పిల్లల స్కూలు, ఇవన్నీ మా ఆవిడ చేస్తోంది. నా ప్రశాంతతలో కొంత భారం ఆవిడ మోస్తోంది. అది గ్రహించాక గ్యాస్ నేనే ఫోన్ చేసి బుక్ చేస్తున్నాను, ఆసుపత్రికి ముందురోజు నేనే వెళ్ళి చీటీ రాయించుకొస్తున్నాను. మీరు మారదామనుకుంటే ఇంట్లోవాళ్ళని ముందు అడగండి. వాళ్ళ నెత్తిన పెట్టి వదిలేస్తే అది వదిలేయడం కాదు.

నాకు ఆ మనిషి ఉంది. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళకి లేదు. వాళ్ళు ఇంటర్నెట్ సెంటర్లో ముక్కూమొహం తెలియనివాడికి ఆధార్, ఏటీఎం పిన్ చెప్పేసి పని చేయించుకుంటున్నారు. నేను ఇష్టపడి కౌంటర్ దగ్గర నిలబడుతున్నాను, నా పక్కన వాళ్ళు గత్యంతరం లేక నిలబడుతున్నారు. నాలాంటివాళ్ళు కూడా ఆ లైన్లో ఉంటే ఆ కౌంటర్ ఇంకొన్నాళ్ళు తెరిచి ఉంటుందని నా నమ్మకం.

వద్దనుకునే హక్కు ఎక్కడైనా ఉందా?

స్విట్జర్లాండ్‌లోని జెనీవా రాష్ట్రంలో ఉంది. 2023 జూన్‌లో అక్కడ ఓటింగ్ పెట్టారు. నూటికి తొంభై నాలుగు మంది ఒప్పుకున్నారు. డిజిటల్ సమగ్రత పేరుతో వాళ్ళ రాజ్యాంగంలో చేర్చిన ఆ హక్కులో, ఆన్‌లైన్ లేకుండా జీవించే హక్కు కూడా ఒకటి. మనకి 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా గుర్తించిన గోప్యత హక్కు ఉంది. ఆఫ్‌లైన్ హక్కని విడిగా లేదు. 2021లో కరోనా టీకాలు కోవిన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో స్లాటు ఉంటేనే అన్నప్పుడు సుప్రీంకోర్టు పల్లెలవాళ్ళ సంగతేంటని నిలదీసింది. తర్వాత నేరుగా వెళ్ళినవాళ్ళకీ వేశారు. అడిగితే దారి తెరుచుకుంటుందని అప్పుడే చూశాం.

చిన్న ఫోన్ ఉంటే మోసాలు ఉండవా?

లింకులు నొక్కించే మోసాలు తగ్గుతాయి. "పోలీసులం, మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశాం" అనే ఫోన్లు దీనికీ వస్తాయి. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు, ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

ఏ ఫోన్, ఏ ప్లాన్?

4జీ పనిచేసే బటన్ల ఫోన్ తీసుకోండి, 2జీ సిగ్నల్ మీద ఎన్నాళ్ళు ఆధారపడగలమో చెప్పలేం. అంకెలు పెద్దవిగా, టార్చి బటన్ విడిగా ఉండాలి. రీచార్జికి వెళ్ళినప్పుడు డేటా లేని ప్లాన్ అడగండి. వాయిస్, ఎస్ఎంఎస్ మాత్రమే ఉండే ప్లాన్ ఒకటైనా పెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబర్‌లో కంపెనీలకి చెప్పింది. షాపుల్లో వాళ్ళంతట వాళ్ళు చూపించరు.

రాత్రిపూట ఏదైనా అత్యవసరమైతే?

108కి, 112కి ఏ ఫోన్ నుంచైనా వెళ్తుంది. 108 హైదరాబాద్‌లో మొదలైంది 2005 ఆగస్టు 15న, అప్పటికి మనలో ఎవరి దగ్గరా టచ్ ఫోన్ లేదు. లొకేషన్ పంపలేరు కాబట్టి ఇంటి గుర్తులు వరుసగా చెప్పడం అలవాటు చేసుకోండి: ఏ గుడి, ఏ సందు, ఎన్నో గేటు. మా ఇంట్లో ఫోన్ పెట్టే అలమర తలుపుకి లోపల ఒక కాగితం అంటించాను. అమ్మ వేసుకునే మందుల పేర్లు, బ్లడ్ గ్రూపు, పక్కింటివాళ్ళ నంబరు, ఆటో అతని నంబరు, ఇంటికి దారి. పెద్ద అక్షరాలతో రాశాను, కళ్ళజోడు లేకపోయినా అమ్మ చదవగలదు.